రాజధాని వెళ్ళిపోయింది... ఊరు మిగిలింది!

"మీదేవూరు?" అని కాలేజీలో ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి ఊరి పేరు చెప్పం. "శ్రీకాకుళం దగ్గరండి" అనేస్తాం. ఇంకా గుచ్చి అడిగితే "అబ్బే, చిన్న పల్లెటూరు లెండి, మీకు తెలీదు" అంటాం. ఊరు చిన్నదయితే దాని చరిత్ర కూడా చిన్నదే అనుకోవడం మనకు అలవాటయిపోయింది. పాఠ్యపుస్తకాల్లో ఢిల్లీ, ఆగ్రా, హంపి ఉంటాయి గానీ మన మండలం పేరు ఉండదు కదా! అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో మన జిల్లాలోని ఒక చిన్న ఊరి కథ చెప్పాలనుకున్నాం. ఆ ఊరు శ్రీముఖలింగం.

అంతకుముందు ఒక్క నిమిషం మన దేశం దాటి వెళ్ళొద్దాం. ఫ్రాన్సు దేశంలో పల్లె అయినా పట్నం అయినా పాలనలో దానిని "కమ్యూన్" అంటారు. మన పంచాయతీ, మునిసిపాలిటీ రెండూ కలిసిన మాట అనుకోవచ్చు. విప్లవం వచ్చిన 1789వ సంవత్సరంలోనే డిసెంబరు 14న చేసిన చట్టంతో ఈ కమ్యూన్లు ఏర్పడ్డాయి. మధ్యయుగాల నుంచి ఒక చర్చి చుట్టూ అల్లుకుని ఉన్న పల్లెలే చాలావరకు కమ్యూన్లయ్యాయి. ఈనాటికీ అక్కడ దాదాపు 35 వేల కమ్యూన్లు ఉన్నాయి. వాటిలో సగం దాకా ఐదువందల మంది జనాభా కూడా లేని ఊళ్ళే. అయినా ప్రతి ఊరికీ ఒక మేయరు, ఒక కౌన్సిలు ఉంటాయి. ఇంకో విశేషం ఉంది. 1539లో అక్కడి రాజు ఒక ఆజ్ఞ ఇచ్చాడు. చర్చిలో బాప్తిస్మం పొందిన ప్రతి బిడ్డ పేరూ పుస్తకంలో రాసి ఉంచాలన్నాడు. అందువల్ల అక్కడ ఒక కూలివాడు కూడా తన ముత్తాతకు ముత్తాత ఎవరో వెతికి తెలుసుకునే వీలుంది.

మన ఊళ్ళు వాటికంటే పాతవి. మరి మన ముత్తాతల పేర్లు ఎక్కడ రాసి ఉన్నాయి? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకుని ముఖలింగం వెళదాం.

ఎక్కడుంది ఈ ఊరు?

శ్రీకాకుళం నుంచి నరసన్నపేట మీదుగా సుమారు 46 కిలోమీటర్లు వెళితే జలుమూరు మండలంలో, వంశధార నది ఎడమ ఒడ్డున శ్రీముఖలింగం కనిపిస్తుంది. ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార ఈ ఊరిని ఆనుకుని సాగి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. చుట్టూ వరిచేలు, కొబ్బరిచెట్లు, రెండు మూడు వీధులు, ఒక పంచాయతీ. గుళ్ళు లేకపోతే బస్సులోంచి చూసినవాడు "ఇదీ అన్ని ఊళ్ళలాంటిదే" అనుకుని ముందుకు పోతాడు.

కానీ ఇది ఒకప్పుడు కళింగ రాజ్యానికి రాజధాని. దాని పేరు కళింగనగరం.

తూర్పు గాంగుల రాజధాని

కళింగాన్ని కొన్ని వందల సంవత్సరాలు ఏలిన రాజులను చరిత్రకారులు తూర్పు గాంగులు అంటారు. వీళ్ళకు సొంతంగా ఒక శకం కూడా ఉండేది. దానిని గాంగ శకం అంటారు. అది క్రీ.శ. 498లో మొదలైందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. ముఖలింగానికి దగ్గరలోని అచ్యుతపురంలో దొరికిన ఇంద్రవర్మ రాగిరేకుల మీద గాంగ శకం 87 అని ఉంది. అంటే సుమారు క్రీ.శ. 585. ఆ శాసనం కళింగనగరం నుంచే జారీ అయింది. మొగలులు ఢిల్లీకి రావడానికి తొమ్మిది వందల సంవత్సరాలకు పైగా ముందే ఇక్కడ ఒక నగరం ఉందన్నమాట!

తర్వాత ఈ వంశంలో బలమైన రాజులు వచ్చారు. 1038లో వజ్రహస్తుడు పట్టాభిషేకం చేసుకున్నాడు. ఆయన కొడుకు రాజరాజ దేవేంద్రవర్మ. దేవేంద్రవర్మ చోళ రాజకుమారి రాజసుందరిని పెళ్ళాడాడు. వాళ్ళ కొడుకే అనంతవర్మ చోడగంగదేవుడు. తల్లివైపు చోళులు, తండ్రివైపు గాంగులు కనుక చోడగంగు అనే పేరు వచ్చింది. 1078లో సింహాసనం ఎక్కిన ఈ రాజు సుమారు 70 సంవత్సరాలు పరిపాలించాడు. ప్రపంచ చరిత్రలో అంతకాలం ఏలిన రాజులు చాలా తక్కువమంది.

మూడు గుళ్ళు

ముఖలింగంలో మూడు శివాలయాలు ఉన్నాయి. మధుకేశ్వరాలయం, సోమేశ్వరాలయం, భీమేశ్వరాలయం. వీటిలో మధుకేశ్వరాలయం పాతది, పెద్దది. దాని ప్రాకారంలోనే చుట్టూ చిన్నగుళ్ళు ఉన్నాయి. సోమేశ్వరాలయం ఊరి మొదట్లోనే కనిపిస్తుంది. ముందు మండపం లేకుండా ఒంటి శిఖరంతో నిలబడి ఉంటుంది. బయటి గోడల నిండా శిల్పాలే.

ఈ గుళ్ళు చూడగానే ఒక తేడా గమనించాలి. దక్షిణాదిలో గుడి వాకిట్లో ఉండే గోపురం ఎత్తుగా ఉంటుంది. ఇక్కడ అలా కాదు. దేవుడున్న గర్భగుడి మీది శిఖరమే ఎత్తుగా, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతూ ఉంటుంది. దీనిని కళింగ శైలి అంటారు. భువనేశ్వర్, పూరీ గుళ్ళలో కనిపించేది ఇదే. ఆ పెద్ద గుళ్ళకూ మన ఊరి గుళ్ళకూ చుట్టరికం ఉంది.

ఇప్పచెట్టు కథ

మధుకం అంటే ఇప్పచెట్టు. మధుకేశ్వరుడు అంటే ఇప్పచెట్టు దేవుడు. ఈ పేరు వెనుక ఒక స్థలపురాణం ఉంది. ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు గానీ అసలు కథ ఇది. శాపం వల్ల గంధర్వులు సవరలుగా పుట్టారు. ఆ సవర నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇప్పపూలు ఏరుకునే దగ్గర ఇద్దరికీ తగువు వచ్చింది. రోజూ ఈ గొడవ పడలేక నాయకుడు చెట్టునే నరికేశాడు. అప్పుడు ఆ మొదట్లో శివుడు ముఖంతో కనిపించాడు. అందుకే ఆయన ముఖలింగేశ్వరుడయ్యాడు.

ఇది ఈమధ్య ఎవరో అల్లిన కథ అనుకోవడానికి లేదు. విశాఖపట్నంలో దొరికిన చోడగంగదేవుడి రాగిరేకుల్లో, శకం 1040 నాటి దానిలో, ఈ మాట ఉంది. తన పూర్వీకుడు కామార్ణవుడు నగరమనే పట్టణంలో శివుడికి ఎత్తయిన గుడి కట్టించాడనీ, ఆ లింగం మధుక వృక్షంలోంచి పుట్టింది కనుక మధుకేశుడని పేరు పెట్టాడనీ అందులో చెప్పారు. అంటే తొమ్మిది వందల సంవత్సరాల క్రితమే ఇప్పచెట్టు రాజుగారి రికార్డుల్లోకి ఎక్కింది. ఇప్పచెట్టు అడవిది. దాని పువ్వు, కాయ, నూనె గిరిజనుల తిండీ బతుకూ. అంత పెద్ద రాజ్యానికి ఇలవేల్పు ఒక అడవిచెట్టు మొదట్లోంచి వచ్చాడని ఆ రాజులే ఒప్పుకున్నారు. సవరల బిడ్డలు ఈ విషయం గర్వంగా చెప్పుకోవాలి.

గర్భగుడిలో దేవుడి వెనుక ఒక పెద్ద మట్టి గోలెం ఉంది. ఒక కుమ్మరి భక్తుడు మొక్కు తీర్చుకోవడానికి దానిని తెచ్చాడట. గుమ్మంలోంచి పట్టకపోతే బాధపడ్డాడట. తెల్లారేసరికి గోలెం లోపల ఉందట. నిజమా కాదా అన్నది అటుంచండి. రాజు కట్టించిన గుడిలో ఒక కుమ్మరి చేసిన కుండను జనం ఇన్నాళ్ళూ గుర్తుపెట్టుకున్నారు.

రాళ్ళు ఏం చెబుతున్నాయి?

ముఖలింగం గుళ్ళ గోడల మీద, స్తంభాల మీద చాలా శాసనాలు ఉన్నాయి. సంస్కృతంలో కొన్ని, తెలుగులో కొన్ని. ఇవి "దక్షిణ భారత శాసనాలు" అనే ప్రభుత్వ సంపుటాల్లో అయిదో దానిలో అచ్చయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం అఖండ దీపాల గురించే.

అఖండ దీపం అంటే ఆరకుండా వెలిగే దీపం. అది ఊరికే వెలగదు కదా! రోజూ నెయ్యో నూనో కావాలి. అందుకని దాత కొన్ని మాడలు గానీ, పశువులు గానీ, భూమి గానీ గుడికి ఇస్తాడు. మాడ అంటే ఆనాటి బంగారు నాణెం. ఆ ఆస్తిని అనుభవించేవాళ్ళు అసలు ముట్టకుండా, దానిమీద వచ్చే రాబడితో దీపానికి నెయ్యి పోయాలి. ఇది "ఆచంద్రార్కం", అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం జరగాలని రాయిస్తారు. ఈ ధర్మం చెడగొట్టినవాడికి పాపం తగులుతుందని చివర శాపం కూడా పెడతారు. ఈనాటి బ్యాంకు డిపాజిట్టూ, దస్తావేజూ, సాక్షి సంతకమూ అన్నీ ఒక్క రాతి మీదే ఉన్నాయన్నమాట.

శాసనంలో తేదీ చూడటం కూడా తెలుసుకోండి. సాధారణంగా శక సంవత్సరం ఇస్తారు. దానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. శక సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కనుక జనవరి నుంచి ఉగాది లోపు తేదీ అయితే 79 కలపాలి. చోడగంగు పట్టాభిషేకం శకం 999లో, ఫిబ్రవరి నెలలో జరిగింది. 999కి 79 కలిపితే 1078. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్ళకు ఈ లెక్క పనికొస్తుంది.

కళింగనగరం ఇదేనని ఎలా తెలిసింది?

ఒకప్పుడు చరిత్రకారులు కళింగనగరం అంటే సముద్రం ఒడ్డున ఉన్న కళింగపట్నమే అనుకున్నారు. పేరు పోలిక అలా ఉంది మరి. ముఖలింగమే ఆ నగరమని శాసనాలు చదివి చూపించినవాడు ఒక బడిపంతులు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులు. గుడి దేవుడి పేరు రాగిరేకుల్లోని మధుకేశుడితో సరిపోయింది. పక్కనే నగరికటకం అనే ఊరు ఉంది. నగరం, కటకం అనే రెండు మాటలూ రాజధానినే చెబుతాయి. రాతిమీది అక్షరాలు, నోటిమీది ఊరిపేరు రెండూ ఒకే సాక్ష్యం పలికాయి. ఊరిపేర్లు ఎంత విలువైనవో చూడండి!

రాజధాని ఎందుకు వెళ్ళిపోయింది?

చోడగంగు ఉత్కళాన్ని గెలిచాడు. ఆయన రాజ్యం ఉత్తరాన గంగ దాకా, దక్షిణాన గోదావరి దాకా పెరిగింది. అంత పెద్ద రాజ్యానికి వంశధార ఒడ్డు ఒక మూలకు పడిపోయింది. అందుకని 12వ శతాబ్దంలో రాజధాని మహానది ఒడ్డున ఉన్న కటకానికి మారింది. పూరీలో జగన్నాథుడి పెద్దగుడి కట్టడం మొదలుపెట్టింది చోడగంగే. తర్వాత 13వ శతాబ్దంలో కోణార్క సూర్యదేవాలయం కట్టించిన మొదటి నరసింహదేవుడు కూడా ఈ వంశంవాడే. లోకమంతా వెళ్ళి చూసే పూరీకీ, కోణార్కకూ పుట్టిల్లు మన జలుమూరు మండలంలో ఉంది.

రాజు వెళ్ళాడు. సైన్యం, ఉద్యోగులు, వర్తకులు వెంట వెళ్ళారు. కోటలు మట్టిలో కలిశాయి. కానీ ఊరు చావలేదు. ఎందుకని? దున్నేవాడు వెళ్ళలేదు గనుక. చేపలు పట్టేవాడు, కుండలు చేసేవాడు, పశువులు కాసేవాడు వెళ్ళలేదు గనుక. నగరాన్ని రాజు తరలించగలడు గానీ ఏటి ఒడ్డు చేలను తరలించలేడు. ఈ ఊరిని ఇన్ని వందల ఏళ్ళు నిలబెట్టినవాళ్ళు శాసనాల్లో పేర్లు లేనివాళ్ళే.

ఆ ఒడ్డునే పుట్టిన గిడుగు

గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. పాత లిపులు నేర్పే గురువు లేకపోయినా పుస్తకాలు తెప్పించుకుని తనంతట తానే నేర్చుకున్నారు. ముఖలింగం శాసనాలు అలా చదివారు. కళింగపట్నం దగ్గరి దీర్ఘాసిలో శకం 997 నాటి తెలుగు పద్య శాసనాన్ని కూడా ఆయనే పరిష్కరించి అచ్చువేయించారు.

అడవి నుంచి వచ్చే సవరలు తెలుగువాళ్ళ మధ్య మోసపోవడం ఆయన చూశారు. వాళ్ళకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ భాష తాను నేర్చుకోవాలి అనుకున్నారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. వాచకాలు రాశారు, నిఘంటువు తయారుచేశారు, సవరల కోసం బడులు పెట్టారు. సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది.

తెలుగు పాఠ్యపుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలని ఆయన పట్టిన పట్టు అందరికీ తెలుసు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. కానీ ఆ పోరాటం ఎవరికోసం జరిగిందో ఎక్కువగా ఆలోచించం. ఇంట్లో పండితుడు ఉన్న పిల్లాడికి గ్రాంథికం కష్టం కాదు. అర్థం కాకపోతే తండ్రి చెబుతాడు. మాలా ఇంట్లో మొట్టమొదట పలక పట్టినవాళ్ళకు చెప్పేవాళ్ళెవరు? అమ్మ మాట్లాడే మాటలోనే పరీక్ష రాయగలగడం మనకు దక్కిన పెద్ద ఆస్తి. మేము డిగ్రీ గట్టెక్కి పి.జి. దాకా వచ్చామంటే ఆ ఆస్తే కారణం. ఈ వ్యాసం రాస్తున్నది కూడా ఆ తెలుగులోనే. పాత రాళ్ళ మీది తెలుగు చదివినవాడే ఈనాటి కూలివాడి తెలుగుకు గౌరవం తెచ్చాడు.

అరసవల్లిలో ఒక పాత వసతి గృహం

ఇప్పుడు మన అరసవల్లికి వద్దాం. సూర్యనారాయణస్వామి గుడిని ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఆయన వంశంవాళ్ళు స్వామివారి అఖండ దీపానికీ, శాస్త్రాలు చదివే విద్యార్థులకు బడి, వసతి ఏర్పాటు చేయడానికీ భూములు ఇచ్చినట్టు గుడిలోని శాసనాల వల్ల తెలుస్తోందని ఆలయ చరిత్రలో ఉంది. అంటే వెయ్యేళ్ళకు ముందే అరసవల్లిలో హాస్టలు ఉంది!

అయితే ఆ హాస్టల్లో మనకు సీటు దొరికేదా? దొరికేది కాదు. శాస్త్రాలూ వేదాలూ చదివే హక్కు అప్పుడు కొందరిదే. గుళ్ళకు రాళ్ళు మోసినవాళ్ళకు ఆ రాళ్ళ మీది అక్షరాలు చదివే వీలు లేదు. తర్వాత వందల సంవత్సరాలు గడిచినా గుడి లోపలికి వెళ్ళే వీలు కూడా రాలేదు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం చేసేదాకా ఆ తలుపు చట్టప్రకారం తెరుచుకోలేదు. అప్పట్లో మన జిల్లా ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఈనాటి సాంఘిక సంక్షేమ వసతి గృహం ఎవరో రాజు పుణ్యం కోసం ఇచ్చిన దానం కాదు. అంబేద్కర్ గారు రాసిన రాజ్యాంగం మనకిచ్చిన హక్కు. పాత శాసనానికీ కొత్త శాసనానికీ తేడా అదే.

ఈనాటి ముఖలింగం

ఈనాడు ముఖలింగం గుళ్ళు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. మహాశివరాత్రికి, ఆ తర్వాత వంశధారలో జరిగే చక్రతీర్థ స్నానానికి మన జిల్లా నుంచే కాదు, ఒడిశా నుంచి కూడా వేలాది జనం వస్తారు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది. రాష్ట్రాల మధ్య గీత పడినా జనం మొక్కుబడులకు గీత పడలేదు. తిరునాళ్ళు అయిపోయాక ఊరు మళ్ళీ తన వరిచేల పనిలో పడుతుంది.

మనం ఏం చేయాలి?

రాజుల పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి. దీపం పెట్టించినవాళ్ళ పేర్లు ఉన్నాయి. దీపంలో నెయ్యి పోయడానికి పశువులు కాసినవాడి పేరు లేదు. ఫ్రాన్సు పల్లెల్లోలాగా పేర్లు రాసిన పుస్తకం మనకు లేదు. అయితే అవి ఇంకా పూర్తిగా పోలేదు. మన తాతల, అమ్మమ్మల నోళ్ళలో కొంత మిగిలి ఉంది. వాళ్ళకు రాయడం రాదు. మనకు వచ్చు. అందుకని సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళండి. ఈ అయిదు విషయాలు అడిగి రాసుకోండి.

1. మన ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? పొలాలకు, గెడ్డలకు, చెరువులకు ఏ పేర్లు ఉన్నాయి?

2. మన కుటుంబంలో ఎంతమంది పెద్దల పేర్లు గుర్తున్నాయి? ఆడవాళ్ళ పేర్లు తప్పకుండా రాయాలి.

3. చెరువు తవ్వినవాళ్ళెవరు? గుడి, బడి, బావి కట్టడానికి పనిచేసినవాళ్ళెవరు?

4. మన పేటలో మొదట బడికి వెళ్ళినవారెవరు? ఎవరు పంపారు?

5. ఊళ్ళో ఎక్కడైనా అక్షరాలున్న రాయి ఉందా? ఉంటే దానికి సున్నం, రంగు వేయకుండా చూడండి. గీకవద్దు, పైకి ఎత్తవద్దు. ఫొటో తీసి మాస్టారికి చూపించండి.

గిడుగువారికి పాత లిపి నేర్పినవారు లేరు. అయినా నేర్చుకున్నారు. మనకు బడి ఉంది, హాస్టలు ఉంది, గ్రంథాలయం ఉంది. ఇక వంక చెప్పడానికి ఏమీ లేదు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వచ్చే ఏడాది ఈ సంచికలో మీ మీ ఊళ్ళ చరిత్రలు చదవాలని ఆశిస్తున్నాం. ఒక్కొక్కరు ఒక్కొక్క పేజీ రాసినా చాలు. మొదటి వాక్యంలోనే ఊరి పేరు, మండలం పేరు పూర్తిగా రాయండి.